ఒకే వంటగది, ముగ్గురికి మూడు రకాల శుభ్రత: ఏది తప్పనిసరి, ఏది ఎవరి ఇష్టం వారిది?

ప్రశ్న

మా ఇంట్లో వంటగదిని ముగ్గురం వాడుతాం: నేను, మా వారు, మా అత్తగారు. ముగ్గురమూ శుభ్రతను పట్టించుకునేవాళ్ళమే. అయినా దాని గురించి వాదన జరగని వారం ఉండదు. ఇంతకాలం ఇది చిన్న విషయమేలే అనుకున్నాను గానీ, ఇప్పుడు చిలికి చిలికి గాలివానగా మారుతోంది. ఒకరు వంట ముగించి బయటికి రాగానే మరొకరు వెళ్ళి అదే గట్టును మళ్ళీ తుడవడం, అది చూసి మొదటివారు నొచ్చుకోవడం, ఆ తరువాత భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడకపోవడం మామూలైపోయింది.

అత్తగారి దృష్టిలో శుభ్రమైన వంటగది అంటే చూడగానే శుభ్రంగా కనిపించేది. పొయ్యి మీద మరక ఉండకూడదు, రాత్రి పడుకునేటప్పటికి సింకులో ఒక్క గిన్నె కూడా మిగలకూడదు, తోమిన పాత్రలన్నీ వరుసగా బోర్లించి ఉండాలి. ఈ పనులన్నీ ఆవిడ ఎంతో ఓపికగా స్వయంగా చేస్తారు. అయితే పొయ్యి తుడిచిన గుడ్డతోనే గట్టు తుడుస్తారు, కడిగిన పళ్ళేల తడిని కూడా దానితోనే ఒత్తుతారు, చివరికి దాన్ని నీళ్ళలో జాడించి, పిండి, మడిచి సింకు పక్కన పెడతారు.

మాంసం వండే రోజున వంట మా వారిదే. పచ్చి కోడిమాంసాన్ని కుళాయి ధార కింద పెట్టి చాలాసేపు కడుగుతారు, ఎందుకంటే కడగకుండా వండటం ఆయన దృష్టిలో అపరిశుభ్రత. తరువాత సింకు మీద నాలుగు చెంబుల నీళ్ళు పోసి, పచ్చిగా తినే కూరగాయలను కూడా అక్కడే కడుగుతారు. రాత్రి మిగిలిన అన్నం, కూర పొయ్యి మీదే వదిలేసి, ఉదయం బాగా కాచి తింటే ఏమీ కాదంటారు. నేను అభ్యంతరం చెప్పినప్పుడల్లా, ఇంత శుభ్రత పాటిస్తే పాపకు రోగనిరోధక శక్తి ఎక్కడినుంచి వస్తుందని అడుగుతారు.

నా విషయానికి వస్తే, కనిపించే మరకల కన్నా కనిపించని క్రిముల గురించే నాకు ఆందోళన ఎక్కువ. పచ్చి మాంసం ముట్టుకున్న చేతులు, కోసిన పలక, తడి ఆరని గుడ్డ, ఇవే నన్ను కలవరపెడతాయి. గిన్నెలను మాత్రం మరుసటి ఉదయం తోమినా ఫరవాలేదనుకుంటాను, అత్తగారికి సరిగ్గా అదే అన్నిటికంటే పెద్ద తప్పుగా కనిపిస్తుంది.

మాకు మూడేళ్ళ పాప ఉంది. అత్తగారికి డెబ్బై దాటాయి. అందుకని దీన్ని కేవలం ఇష్టాయిష్టాల తగువుగా వదిలేయలేకపోతున్నాను. మా ముగ్గురి పట్టింపుల్లో నిజంగా ఆరోగ్యంతో ముడిపడినవి ఏవి? నేను వదులుకోదగినవి ఏవి? తప్పనిసరైన వాటిని ఎవరి మనసూ కష్టపెట్టకుండా ఇంట్లో అమల్లోకి తేవడం ఎలా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

మొదటి సమాధానం

నేను ఆహార సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తాను, కాబట్టి మీ మొదటి ప్రశ్నకు మాత్రమే సమాధానం రాస్తాను. మిగిలిన రెండింటికీ నాకన్నా బాగా చెప్పగలవారు ఉంటారు.

వంటగదిలో మనం చేసే శుభ్రపు పనుల్లో కొన్ని జబ్బును ఆపేవి, కొన్ని ఇంటిని చూడముచ్చటగా ఉంచేవి. రెండూ మంచివే, కానీ ఒకదానికి వెచ్చించిన శ్రమ రెండోదానికి లెక్కకు రాదు. గంటసేపు రుద్ది మెరిపించిన పొయ్యి ఎవరినీ విరేచనాల నుంచి కాపాడదు, పచ్చి మాంసం ముట్టుకున్న తరువాత 20 సెకన్ల పాటు సబ్బుతో కడుక్కున్న చేతులు కాపాడతాయి. బ్రిటన్‌కు చెందిన శాలీ బ్లూమ్‌ఫీల్డ్ వంటి గృహ పరిశుభ్రత నిపుణులు చాలాకాలంగా చెబుతున్నది ఇదే: ఇల్లంతా ఎల్లవేళలా క్రిమిరహితంగా ఉంచాలని చూడటం వృథా ప్రయాస, క్రిములు ఒకచోటి నుంచి మరోచోటికి చేరే సమయాలను, మార్గాలను గుర్తించి అక్కడ గట్టిగా అడ్డుకోవాలి. మీ వంటగదిలో ఆ మార్గాలు ప్రధానంగా నాలుగు: చేతులు, గుడ్డ, కోసే పలక, సింకు. మిగిలిపోయిన ఆహారం సంగతి వేరుగా చెబుతాను.

ఆందోళన అనవసరమేమో అనే సందేహం మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించిన అంచనాను చూపండి. కలుషితాహారం వల్ల ఏటా సుమారు 60 కోట్ల మంది జబ్బు పడుతున్నారని, 4,20,000 మంది మరణిస్తున్నారని, ఆ భారంలో 40 శాతం అయిదేళ్ళ లోపు పిల్లల మీదే పడుతోందని ఆ నివేదిక చెప్పింది. ఇందులో బయటి ఆహారం వల్ల వచ్చినవీ ఉన్నాయి, ఇంటి వంట వల్ల వచ్చినవీ ఉన్నాయి. మూడేళ్ళ పాప, డెబ్బై దాటిన పెద్దావిడ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు మీ పట్టుదలలో న్యాయం ఉంది.

ముందుగా గుడ్డ గురించి చెబుతాను, ఎందుకంటే మీ వర్ణనలో నాకు అన్నిటికంటే ఎక్కువ ప్రమాదకరంగా కనిపించింది అదే. ఎప్పుడూ తడిగా ఉండి, ఆహారపు తునకలు పట్టుకుని, గది వేడిలో మడతల మధ్య ఉండే గుడ్డ బాక్టీరియాకు కావలసినవన్నీ సమకూరుస్తుంది. ఇ. కోలై లాంటి బాక్టీరియా అనువైన పరిస్థితుల్లో 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. జర్మనీలోని ఫుర్ట్‌వాంగెన్ విశ్వవిద్యాలయం వారు వాడిన వంటింటి స్పాంజులను పరీక్షించి 2017లో ప్రచురించిన పరిశోధనలో, కొన్ని చోట్ల ఘన సెంటీమీటరుకు 5,000 కోట్లకు పైగా బాక్టీరియా కణాలు కనిపించాయి. వాటిలో ఎక్కువ భాగం ఆరోగ్యవంతులకు హాని చేసేవి కావు కాబట్టి ఈ అంకె చూసి భయపడనక్కరలేదు. నాకు ముఖ్యంగా తోచిన విషయం మరొకటి ఉంది: క్రమం తప్పకుండా శుద్ధి చేస్తున్నామని యజమానులు చెప్పిన స్పాంజుల్లో కూడా బాక్టీరియా తక్కువగా లేదు. అందువల్ల స్పాంజిని శుద్ధి చేసుకుంటూ నెలల తరబడి వాడటం కన్నా తరచుగా మార్చడమే నయం. గుడ్డల విషయంలో ఇంకా తేలికైన మార్గం ఉంది. రోజుకొక ఉతికిన గుడ్డ తీయండి, మాంసం రసం అంటిన గుడ్డను ఆ క్షణమే ఉతికే బట్టల్లో వేయండి, వాటిని 60 డిగ్రీల వేడి నీటిలో ఉతికి పూర్తిగా ఆరనివ్వండి. వాడుతున్న గుడ్డను మడవకుండా విప్పి ఆరవేయండి. కడిగిన పళ్ళేలను తుడవకండి, బోర్లించి వాటంతట అవే ఆరనివ్వడం అన్నివిధాలా మేలు.

కోడిమాంసం కడగడం గురించి మీ వారికి ఒక అధ్యయనాన్ని చూపించవచ్చు. అమెరికా వ్యవసాయ శాఖ కోసం 2019లో జరిగిన ఆ పరిశీలనలో, పచ్చి కోడిమాంసాన్ని కడిగినవారిలో 60 శాతం మంది సింకుల్లో ఆ మాంసం తాలూకు బాక్టీరియా మిగిలింది, సింకును శుభ్రం చేశామనుకున్న తరువాత కూడా 14 శాతం మంది సింకుల్లో పోలేదు, 26 శాతం మంది విషయంలో అది పచ్చిగా తినే ఆకుల్లోకి చేరింది. నీటి ధార మాంసం మీది బాక్టీరియాను చంపదు, చుట్టూ చిమ్ముతుంది. చంపేది వేడి మాత్రమే. కోడిమాంసం లోపలి భాగం 74 డిగ్రీలకు చేరితే విరేచనాలు కలిగించే సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ అనే బాక్టీరియా రెండూ నశిస్తాయని ఆ శాఖ చెబుతుంది. అయితే అదే అధ్యయనంలో మాంసాన్ని అసలు కడగని వారిలో కూడా 31 శాతం మంది ఆకుల్లోకి బాక్టీరియా చేరింది. చేతులు సరిగా కడుక్కోకపోవడం, పాత్రలను, గట్టును సరిగా శుభ్రం చేయకపోవడం అందుకు కారణాలు. కాబట్టి కడగవద్దు అని మాత్రమే వాదించి ఊరుకుంటే సగం పనే అవుతుంది. పచ్చిగా తినే కూరగాయలను ముందే కడిగి, కోసి, మూతపెట్టి పక్కన పెట్టి, ఆ తరువాతే మాంసాన్ని బయటికి తీయమని ఆయనను అడగండి. పని జరిగే వరుస మారితే ప్రమాదంలో చాలా భాగం తొలగిపోతుంది.

కోసే పలక చెక్కదా, ప్లాస్టిక్‌దా అనే వాదనలో మీరు దిగనక్కరలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డీన్ క్లైవర్ బృందం 1990ల్లో చేసిన ప్రయోగాలు, చెక్క పలకలు అందరూ అనుకున్నంత చెడ్డవి కావని, కత్తిగాట్లు పడిన ప్లాస్టిక్ పలకలను శుభ్రం చేయడమే కష్టమని చూపాయి. పచ్చి మాంసానికి ఒకటి, మిగిలినవాటికి ఒకటి ఉంటే సరిపోతుంది.

ఇక మిగిలిన అన్నాన్ని ఉదయం కాచి తినడం. ఇక్కడ మాత్రం మీరు వెనక్కి తగ్గకండి. అన్నంలో తరచుగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా తాలూకు బీజాలు ఉడికించినా చావవు. గది వేడిలో గంటల తరబడి ఉంచితే అవి మొలకెత్తి, పెరిగి, వాంతులు కలిగించే ఒక విషాన్ని తయారుచేయగలవు. ఆ విషం 121 డిగ్రీల వేడిని సైతం తట్టుకుంటుంది కాబట్టి ఉదయం ఎంత కాచినా బాక్టీరియా చస్తుందేమో గానీ విషం అలాగే ఉంటుంది. చేతుల నుంచి ఆహారంలోకి చేరే స్టఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా తయారుచేసే విషం కూడా అలాంటిదే. వాసన, రుచి మారలేదు కదా అనేది కూడా నమ్మదగిన గుర్తు కాదు. వండిన ఆహారం 5 డిగ్రీలకు, 60 డిగ్రీలకు మధ్య వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మిగిలినదాన్ని లోతు తక్కువ గిన్నెల్లోకి సర్ది, కాస్త ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. పూర్తిగా చల్లారేదాకా ఆగాలనుకోవడం వల్లే చాలా ఇళ్ళలో అది తెల్లవారేదాకా బయట ఉండిపోతుంది.

రోగనిరోధక శక్తి గురించి మీ వారు అడిగిన ప్రశ్న తేలికగా తీసిపారేయదగినది కాదు, ఆయన ఎక్కడో విన్న మాటకు ఒక మూలం ఉంది. బ్రిటన్‌కు చెందిన డేవిడ్ స్ట్రాకన్ 1989లో, 17,000 మందికి పైగా పిల్లల వివరాలను పరిశీలించి, అన్నలూ అక్కలూ ఎక్కువగా ఉన్న పిల్లల్లో ఒక రకం ఎలర్జీ తక్కువగా కనిపిస్తోందని, చిన్నతనంలో సోకే క్రిములు అందుకు కారణం కావచ్చని ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన ఎలర్జీల గురించి చేసినది, ఆహారం విషతుల్యమైతే పిల్లలు బలపడతారని అందులో లేదు. తరువాత 2003లో గ్రాహమ్ రుక్ దాన్ని సవరిస్తూ, మనకు మేలుచేసేవి జబ్బు చేసే క్రిములు కావని, మట్టి, జంతువులు, తోటి మనుషుల నుంచి అనాదిగా మనతో ఉంటూ వచ్చిన హానిలేని సూక్ష్మజీవులని వాదించారు. పాపను మట్టిలో ఆడుకోనివ్వండి, తోటి పిల్లలతో కలవనివ్వండి. సాల్మొనెల్లా అంటిన పలక మీద కోసిన పండు వల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదు.

రెండో సమాధానం

నేను మీ అత్తగారి వయసు మనిషిని. పై సమాధానం ఎంతో విలువైనదని ఒప్పుకుంటూనే, ఒక విషయంలో విభేదిస్తున్నాను. కంటికి కనిపించే శుభ్రతను చూడముచ్చట కోసం చేసేదిగా పక్కన పెట్టడం సరికాదు.

జిడ్డు, ఆహారపు తునకలు ఉన్నచోట ఏ క్రిమిసంహారకమూ సరిగా పనిచేయదు. క్లోరిన్ ద్రావణం ఆ మురికితోనే చర్య జరిపి బలం కోల్పోతుంది, అందుకే ముందు సబ్బుతో కడిగి ఆ తరువాతే క్రిమిసంహారకం వాడాలని దాని డబ్బా మీద కూడా రాసి ఉంటుంది. అంటే మీ అత్తగారు రోజూ జిడ్డు వదలగొట్టకపోతే మీరు కోరుకునే కనిపించని శుభ్రతకు పునాదే ఉండదు. అలాగే రాత్రంతా సింకులో వదిలేసిన అంట్లు బొద్దింకలకు విందు. బొద్దింకలు మురికి ప్రదేశాల్లో తిరిగి వచ్చి సాల్మొనెల్లా వంటి వాటిని పాత్రల మీదికీ గట్టు మీదికీ మోసుకొస్తాయి. రాత్రి గిన్నె మిగలకూడదన్న ఆవిడ పట్టింపును దయచేసి ఆరోగ్య నియమాల జాబితాలోనే చేర్చండి, ఆవిడ ఇష్టాల జాబితాలో కాదు. తోమే ఓపిక లేని రాత్రి కనీసం తునకలు చెత్తబుట్టలో వేసి, గిన్నెలను సబ్బునీళ్ళతో ఒకసారి కడిగి ఉంచవచ్చు.

ఈ మాట నేను ఆవిడను సమర్థించడానికి మాత్రమే చెప్పడం లేదు. ఒక వంటగదిని ఏళ్ళ తరబడి నడిపిన మనిషికి, తన పద్ధతిలో ఏది సరైనదో ముందు ఎవరైనా గుర్తించి చెబితే తప్ప, ఏది మార్చుకోవాలో వినే మనసు రాదు. గుడ్డ గురించి మీరు చెప్పబోయేది నిజమే అయినా, మొదటి మాటగా అది వినిపిస్తే ఆవిడకు తాను ఇన్నేళ్ళూ ఇంటిల్లిపాదికీ మురికి తినిపించానని మీరు అంటున్నట్టే తోస్తుంది. ఆవిడ వల్ల మీ వంటగదిలో పురుగూ పుట్రా లేకుండా ఉందన్న సంగతిని ముందు నోరారా చెప్పండి. అది నిజం కూడా.

ఒకరు తుడిచిన గట్టును మరొకరు మళ్ళీ తుడవడం గురించి రాశారు. నా దృష్టిలో మీ ఇంటి గొడవలకు అసలు మూలం అదే. దానికి ఒక చిన్న మార్పు సరిపోతుంది. ఎవరు వంట మొదలుపెట్టినా, ముందు తన గట్టును తాను తుడుచుకుని, చేతులు కడుక్కుని మొదలుపెట్టాలన్న నియమం పెట్టుకోండి. ముగ్గురికీ ఒకే నియమం. అప్పుడు మీరు తుడవడం ఆవిడ పని మీద తీర్పు కాదు, మీ పనికి మొదటి మెట్టు అవుతుంది. ఎవరైనా బయటికి వెళ్ళగానే వెనకనుంచి వెళ్ళి తుడిచే అలవాటును మాత్రం ఈ రోజే మానేయండి, ఎంత మెల్లగా తుడిచినా వాళ్ళకు ఆ సంగతి తెలిసిపోతుంది.

గుడ్డల విషయంలో మాటలకన్నా ఏర్పాటు బాగా పనిచేస్తుంది. పొయ్యికి ఒక రంగు, గట్టుకు ఒక రంగు గుడ్డలు తెచ్చి, ఉతికిన గుడ్డలన్నీ ఆవిడ చేతికందే చోట దొంతరగా పెట్టండి, తీసినవి వేయడానికి పక్కనే ఒక బుట్ట పెట్టండి. ఉతికిన గుడ్డ అందుబాటులో లేని ఇంట్లోనే పాత గుడ్డను పిండి మడిచి పెట్టుకుంటారు. పాత్రలు ఆరబెట్టే స్టాండు వెడల్పుగా ఉంటే తడి ఒత్తే పని దానంతట అదే తగ్గుతుంది.

ఇంకో హెచ్చరిక. మెరుపు మీద పట్టింపు ఉన్న ఇళ్ళలో రకరకాల శుభ్రపరిచే ద్రవాలు చేరుతుంటాయి. బ్లీచింగ్ ద్రవాన్ని వెనిగర్‌తో గానీ, మరకలు వదలగొట్టే ఆమ్లాలతో గానీ ఎన్నడూ కలపకూడదు, విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అమోనియా ఉన్న ద్రవాలతో కలిపినా ఊపిరితిత్తులకు హాని చేసే క్లోరమైన్ వాయువులు వస్తాయి. తలుపులు మూసిన చిన్న వంటగదిలో ఇది ప్రాణాల మీదికి రావచ్చు. ఇంట్లో అందరికీ, ముఖ్యంగా శ్రద్ధగా శుభ్రం చేసేవారికి, ఈ సంగతి తప్పక తెలిసి ఉండాలి.

మూడో సమాధానం

మా ఇంట్లో వంట చేసేది ప్రధానంగా నేనే, కాబట్టి మీ వారి వైపు నుంచి కొంత చెప్పగలను. మాంసాన్ని కడగడం వెనుక మొండితనం ఉందని అనుకోకండి. రక్తం, జిగురు, ఎముక పొడి చేతికి తగులుతుంటే అలాగే గిన్నెలో వేయడం ఆయనకు మనస్కరించడం లేదు. అది ఆయన మనసులోని శుభ్రత, మీరు కడగవద్దు అన్నప్పుడు ఆయనకు మీరే అపరిశుభ్రతను ప్రోత్సహిస్తున్నట్టు వినిపిస్తుంది. ఆ జిగురును కాగితపు తువాలుతో అద్ది, ఆ కాగితాన్ని వెంటనే చెత్తబుట్టలో వేస్తే ఆయన కోరుకున్నదీ జరుగుతుంది, నీళ్ళు చిమ్మవు. అప్పటికీ కడిగి తీరాలంటే, కుళాయి ధార కింద కాకుండా, సింకులో అడుగున పెట్టిన గిన్నెలో నిలవ నీళ్ళతో మెల్లగా కడిగి, చిమ్మకుండా పారబోసి, ఆ సింకునూ కుళాయి పిడినీ సబ్బుతో కడిగి, ఆపైన పలచని బ్లీచింగ్ ద్రావణంతో శుభ్రం చేసే బాధ్యత కూడా ఆయనే తీసుకోవాలి. సాధారణ గృహోపయోగ బ్లీచ్ అయితే నాలుగు లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచాడు సరిపోతుంది, డబ్బా మీద వేరే మోతాదు ఉంటే దాన్నే పాటించాలి. ఈ పని అంతా ప్రతిసారీ తానే చేయవలసి వచ్చినప్పుడు కడగడం అవసరమా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది పని పంపకం గురించి. శుభ్రత మీద జరిగే వాదనలో చాలాసార్లు అడుగున ఉండేది, ఎవరు ఎక్కువ చేస్తున్నారన్న లెక్క. 1979లో మైఖేల్ రాస్, ఫియోరె సికోలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టి, ఇంటి పనుల్లో మీ వాటా ఎంత అని అడిగారు. ఇద్దరి వాటాలూ కలిపితే చాలా జంటల విషయంలో మొత్తం పనిని మించిపోయింది. వారు అబద్ధం చెప్పారనుకోనక్కరలేదు. తాను చేసిన పని తనకు గుర్తుంటుంది, తాను లేనప్పుడు ఎదుటివారు చేసినది కంటపడనే పడదు. మీ అత్తగారు రాత్రి పదింటికి పొయ్యి రుద్దడం మీ వారు చూసి ఉండకపోవచ్చు, మీరు ఉదయం గుడ్డలు ఉతకడం ఆవిడ చూసి ఉండకపోవచ్చు.

అందువల్ల పనులను ముక్కలుగా పంచుకోకండి. ఒక పనిని మొదటినుంచి చివరివరకు ఒకరికే అప్పగించండి. మాంసం వండటం మీ వారిదైతే, కొనితెచ్చి ఫ్రిజ్‌లో పెట్టడం నుంచి సింకు కడిగి గుడ్డను ఉతికే బట్టల్లో వేయడం వరకు ఆయనదే. పాత్రలు అత్తగారివైతే వాటిని ఎలా బోర్లించాలో ఆవిడే నిర్ణయిస్తారు, మిగిలిన ఇద్దరూ ఆ వరుసనే పాటిస్తారు. మిగిలిన ఆహారం సర్దడం, ఫ్రిజ్ చూసుకోవడం మీరు తీసుకోండి, ఎందుకంటే ఆ విషయంలో మీకున్నంత పట్టుదల మిగిలినవారికి లేదు. పని ఎవరిదో పద్ధతి వారిది. పైన చెప్పిన ఆరోగ్య నియమాలు మాత్రం అందరివీ. ఆ నియమాలు అయిదారుకు మించితే ఎవరికీ గుర్తుండవు కాబట్టి ఎంచి తీసుకోండి, మిగిలినవాటిలో మీకు నచ్చని పద్ధతి కనిపించినా నోరు మెదపకండి. ఇది కష్టమే, కానీ ప్రతి చిన్నదానికీ అభ్యంతరం చెప్పే మనిషి మాటను అసలు ప్రమాదం వచ్చిన రోజున కూడా ఇంట్లో ఎవరూ పట్టించుకోరు.

మొదటి సమాధానం రాసినవారితో నాకున్న తేడా కూడా ఇక్కడే. ఆయన చెప్పిన అంకెలన్నీ మీ వారికి చదివి వినిపించడం వల్ల ఫలితం ఉంటుందని నేను అనుకోను. వాదనలో భాగంగా వచ్చిన అంకెను ఎవరూ అంగీకరించరు. ప్రశాంతంగా ఉన్న ఒక సెలవు రోజున, పాప భోజనానికి సంబంధించిన జాగ్రత్తలన్నీ ఆయననే చదివి నిర్ణయించమని అడగండి. తానే చదివి తెలుసుకున్నదాన్ని మనిషి తన నియమంగా స్వీకరిస్తాడు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఎవరి వంటకు ముందు వారు గట్టు తుడుచుకోవడం, మాంసం కన్నా ముందు కూరగాయల పని ముగించడం అనే రెండు నియమాలను మా వారు వెంటనే ఒప్పుకున్నారు. మిగిలిన అన్నాన్ని ఫ్రిజ్‌లో పెట్టే పని నేనే తీసుకున్నాను.

ఇంకొక సంగతి అడగాలి, ఇది మొదట రాయడానికి సంకోచించాను. అత్తగారు తోమిన పాత్రల్లో ఈ మధ్య తరచుగా జిడ్డు మిగిలిపోతోంది. అడుగున అంటుకున్న మెతుకులు కూడా కనిపిస్తున్నాయి. ఆవిడకు చూపు తగ్గిందని నా అనుమానం. ఆవిడకు తెలియకుండా నేను వాటిని మళ్ళీ తోముతున్నాను. చెబితే ఆ పనే మానేసి బాధపడతారని భయం, చెప్పకపోతే పాప పళ్ళెం గురించి దిగులు.

రెండో సమాధానం రాసినవారు

ముందు ఆవిడను కంటి వైద్యుల దగ్గరికి తీసుకువెళ్ళండి. గిన్నెల సంగతి ఎత్తవద్దు, ఈ వయసులో ఏడాదికొకసారి కళ్ళు చూపించుకోవడం అందరికీ అవసరమే. శుక్లాలు ఉంటే శస్త్రచికిత్సతో చూపు చాలావరకు మెరుగుపడుతుంది, అప్పుడు మీ సమస్యలో సగం తీరిపోవచ్చు. పాత్రల జిడ్డు గురించి ఆలోచిస్తూ, ఆవిడ మెట్లు దిగేటప్పుడు, మందుల చీటీ చదివేటప్పుడు పడుతున్న ఇబ్బందిని మనం గమనించకపోతే అన్యాయమవుతుంది.

సింకు పైన వెలుతురు చాలా ఇళ్ళలో సరిపోదు. పాత్రలు తోమే మనిషి నీడ ఆ పాత్రల మీదే పడుతుంది. సింకుకు సరిగ్గా పైన తెల్లని దీపం పెట్టించండి, అది మీకోసమే పెట్టించుకున్నానని చెప్పినా తప్పులేదు, మీకూ ఉపయోగమే కదా. జిడ్డు పాత్రలను ముందు వేడినీళ్ళలో నానబెట్టే పని మీరో మీ వారో చేసి ఉంచితే ఆవిడ చేతికి వచ్చేసరికి రుద్దవలసినది తక్కువ ఉంటుంది. వయసు పెరిగాక వేళ్ళలో పట్టు కూడా తగ్గుతుంది, ఆ సంగతి మనం ఎవరికీ చెప్పుకోము.

ఆవిడ చేతుల నుంచి పని మొత్తం లాగేసుకోకండి. పాప పళ్ళెం, గ్లాసు, చెంచా వరకు పాప తల్లిదండ్రులే కడుక్కుంటారని పెట్టుకోండి, చిన్నపిల్లలున్న ఇళ్ళలో అది ఎవరికీ వింతగా అనిపించదు. అయితే రహస్యంగా మళ్ళీ తోమడం మాత్రం ఎక్కువ కాలం సాగనివ్వకండి. ఒకరోజు ఆవిడ చూస్తారు. మీరు నేరుగా చెప్పిన దానికన్నా అది పదింతలు నొప్పిస్తుంది. పాత్ర పట్టుకుని, ఇది మొండి జిడ్డులా ఉంది అత్తయ్యా, నేనొకసారి రుద్దుతాను, మీరు కడగండి అని పక్కన నిలబడి చేస్తే, ఆ పని ఇద్దరిదీ అవుతుంది.

మొదటి సమాధానం రాసినవారు

పాత్రల విషయంలో పై సలహా కన్నా బాగా నేను చెప్పలేను. మీరు ఫ్రిజ్ బాధ్యత తీసుకున్నారు కాబట్టి దానికి సంబంధించిన ఒక్క జాగ్రత్త చేరుస్తున్నాను. లిస్టీరియా అనే బాక్టీరియా మిగిలినవాటిలా చలికి ఆగిపోదు, ఫ్రిజ్‌లో కూడా మెల్లగా పెరుగుతుంది, వృద్ధులకూ గర్భిణులకూ అది తీవ్రమైన జబ్బు చేయగలదు. కాబట్టి ఫ్రిజ్ లోపల 5 డిగ్రీలకు మించకుండా చూసుకోండి. తలుపు మీది అంకెల మీట ఉష్ణోగ్రతను చెప్పదు, లోపల పెట్టే చిన్న థర్మామీటరు ఒకటి కొనండి. పచ్చి మాంసాన్ని మూత ఉన్న గిన్నెలో అన్నిటికంటే కింది అరలో ఉంచితే దాని రసం మిగిలిన ఆహారం మీద కారదు. వండి ఫ్రిజ్‌లో పెట్టినదాన్ని మూడు నాలుగు రోజుల్లో వాడేయండి, గిన్నె మీద పెట్టిన తేదీ రాసి అంటించండి, అప్పుడు ఇది ఎప్పటిదన్న వాదన కూడా రాదు.